ఎవరెస్టు పొట్టిగా కనిపించే చోటు

పర్వత శిఖరం మీద నిలబడిన మనిషికి ఎంత దూరం కనిపిస్తుందనేది రెండు శాస్త్రాలు కలిసి తేల్చవలసిన లెక్క. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల ఏ ఎత్తు నుంచి ఎంత దూరం దాకా చూపు సాగే వీలుందో జ్యామితి చెబుతుంది. ఆ వీలున్న దూరంలో నిజంగా ఎంత మేర కంటికి ఆనుతుందో, ఏ రంగులో, ఎంత స్పష్టంగా ఆనుతుందో నడుమనున్న గాలి నిర్ణయిస్తుంది. కొండలెక్కేవారు మొదటి సంగతినే ఎక్కువగా తలుచుకుంటారు, ఎత్తు పెరిగినకొద్దీ దృశ్యమూ పెరుగుతుందన్న నమ్మకంతో గంటల తరబడి నడుస్తారు, తీరా పైకి చేరాక చుట్టూ తెల్లని మసక తప్ప ఏమీ కనిపించకపోతే అదృష్టం బాగా లేదనుకుంటారు. ఆ మసకకు గల కారణాలు చాలావరకు తెలిసినవే, కొంతవరకు ముందుగా అంచనా వేయటానికి వీలైనవే.

ఈ లెక్కను దగ్గర నుంచి పరిశీలించటానికి సందక్‌ఫూ లాంటి చోటు భారతదేశంలో అరుదు. పశ్చిమ బెంగాల్‌కూ నేపాల్‌కూ సరిహద్దుగా ఉత్తర దక్షిణాలుగా సాగే సింగలీలా పర్వతపంక్తి మీద, సముద్రమట్టానికి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న ఈ శిఖరం ఆ రాష్ట్రంలోకెల్లా ఎత్తైనది. డార్జిలింగ్ జిల్లాలోని మానేభంజాంగ్ అనే చిన్న ఊరి నుంచి బయలుదేరిన దారి మేఘ్మా, తుమ్లింగ్, గైరీబాస్, కాలీపోఖ్రీల మీదుగా సుమారు 31 కి.మీ. సాగి, చివరి నాలుగు కిలోమీటర్లలో బాగా నిటారై శిఖరాన్ని చేరుతుంది. నడిచేవారికి రెండు మూడు రోజులు పట్టే ఈ దారిలో పాతకాలపు ల్యాండ్‌రోవర్ జీపులు కూడా తిరుగుతుంటాయి. పైన గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 64 శాతం మాత్రమే కనుక నీరు 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కుక్కర్ లేకపోతే పప్పు ఉడకటానికి చాలాసేపు పడుతుంది, నాలుగడుగులు వేగంగా వేసినవారికి ఆయాసం వస్తుంది. అంత శ్రమకు ప్రతిఫలంగా, తెరిపిగా ఉన్న ఉదయం వేళ, ప్రపంచంలోని మొదటి ఐదు ఎత్తైన పర్వతాల్లో నాలుగు, అంటే ఎవరెస్టు, కాంచన్‌జంగా, లోత్సే, మకాలూ, ఒకే చోటి నుంచి కనిపిస్తాయి. మిగిలిన ఒక్కటీ, ఎత్తులో రెండోదైన కె2, ఎక్కడో పశ్చిమాన కారకోరంలో ఉంది.

ఆ నాలుగింటినీ మొదటిసారి చూసేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఉత్తరాన కళ్ల నిండుగా లేచి నిలిచిన కాంచన్‌జంగాయే అన్నింటికంటే ఎత్తుగా కనిపిస్తుంది. వాయవ్యాన దూరంగా ఉన్న గుంపులో మకాలూ పెద్దగా, దాని వెనుక ఎవరెస్టు చిన్నగా, ఒదిగినట్లుగా కనిపిస్తుంది. కంటికి ఎత్తు నేరుగా తెలియదు, కోణం మాత్రమే తెలుస్తుంది. చూసేవారి కంటి మట్టం నుంచి అడ్డంగా గీసిన గీతకూ, శిఖరపు కొసకు గీసిన గీతకూ మధ్య కోణాన్ని ఉన్నతి కోణం అంటారు. కాంచన్‌జంగా 8,586 మీటర్ల ఎత్తుతో సందక్‌ఫూకు సుమారు 68 కి.మీ. దూరంలో ఉంది, దాని ఉన్నతి కోణం దాదాపు 3.9 డిగ్రీలు. మకాలూ 125 కి.మీ. దూరంలో ఉండి సుమారు 1.7 డిగ్రీలు లేస్తుంది. 144 కి.మీ. దూరంలో ఉన్న ఎవరెస్టు, 8,849 మీటర్ల ఎత్తు ఉండి కూడా, ఒకటిన్నర డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చెయ్యి పూర్తిగా చాపి బొటనవేలిని నిలబెడితే దాని వెడల్పు కంటికి దాదాపు రెండు డిగ్రీలు. అంటే ప్రపంచంలోకెల్లా ఎత్తైన పర్వతాన్ని సందక్‌ఫూలో నిలబడినవారు బొటనవేలు అడ్డంగా పెట్టి కప్పెయ్యవచ్చు. లోత్సే కొస ఎవరెస్టు కొసకంటే కేవలం పదో వంతు డిగ్రీ దిగువన ఉంటుంది కనుక, పక్కన తెలిసినవారు లేకపోతే ఆ రెండింటిలో ఏది ఏదో తేల్చుకోవటం కూడా కష్టమే.

దూరం పెరిగితే కోణం తగ్గటం ఒక ఎత్తు, భూమి వంపు వల్ల శిఖరం కుంగటం ఇంకో ఎత్తు. చూసేవారి కాళ్ల కింది నుంచి నేల అన్ని వైపులా క్రమంగా కిందికి వంగుతూ పోతుంది. ఆ వంపు దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దూరం రెట్టింపైతే కుంగుదల నాలుగు రెట్లవుతుంది. 68 కి.మీ. దూరంలోని కాంచన్‌జంగా ఈ కారణంగా కోల్పోయేది సుమారు 360 మీటర్లే, 144 కి.మీ. దూరంలోని ఎవరెస్టు కోల్పోయేది 1,600 మీటర్లకు పైగా. ఇలా చూస్తే, పందొమ్మిదో శతాబ్దం నడుమ దాకా కాంచన్‌జంగానే ప్రపంచంలోకెల్లా ఎత్తైన పర్వతమని, అంతకు ముందు ధవళగిరి అని సర్వేదారులు అనుకోవటంలో వింత లేదు. మద్రాసు దగ్గరి సెయింట్ థామస్ కొండ సమీపంలో 1802లో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితీయ సర్వే, దక్కన్ మీదుగా, తెలుగు నేలల మీదుగా ఉత్తరానికి సాగి హిమాలయాల పాదాలను చేరేసరికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. లాంబ్టన్ వారసుడు జార్జ్ ఎవరెస్టు యువకుడిగా కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో చావు అంచుల దాకా వెళ్లి వచ్చాడు, ఆ తరవాత చాలా ఏళ్లకు తన పేరు పెట్టుకోబోయే శిఖరాన్ని కొలిచే పనిలో మాత్రం ఆయన పాలు లేదు.

ఆ కొలత ఆండ్రూ వా హయాంలో జరిగింది. నేపాల్‌లోకి అనుమతి లేకపోవటంతో సర్వేదారులు 1849, 1850ల్లో తెరాయి మైదానాల నుంచి, 170 కి.మీ.కి పైబడిన దూరాల నుంచి, అప్పట్లో పదిహేనో నంబరు శిఖరంగా గుర్తించిన దాని ఉన్నతి కోణాన్ని థియోడొలైట్‌తో కొలిచారు. థియోడొలైట్ అంటే అడ్డు కోణాలనూ నిలువు కోణాలనూ అతి సూక్ష్మంగా కొలిచే దూరదర్శిని అమర్చిన పరికరం. కలకత్తాలో రాధానాథ్ సిక్దార్ పర్యవేక్షణలో గణన సాగింది. అంత దూరంలో భూమి వంపు వల్ల వచ్చే సవరణ ఒక్కటే 2,400 మీటర్ల చిల్లర ఉంటుంది, దాన్ని సరిదిద్దటం గణితానికి పెద్ద పని కాదు. అసలు తలనొప్పి గాలిలో కాంతి వంగటం దగ్గర వచ్చింది. ఆ వంపు వల్ల శిఖరం ఉన్నచోటికంటే 300 మీటర్లకు పైగా పైకి లేచినట్లు కనిపిస్తుంది, ఆ అంకె రోజును బట్టి, వేళను బట్టి, గాలి వేడిని బట్టి మారుతుంటుంది. అందులో పదో వంతు పొరపాటు జరిగినా శిఖరం ఎత్తు ముప్పై నలభై మీటర్లు తప్పిపోతుంది. వా 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు, అంటే 8,840 మీటర్లు. నేపాల్, చైనా కలిసి 2020 డిసెంబరులో ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. కాగితం, కలం, లాగరిథమ్ పట్టికలతో సాధించిన ఫలితానికి ఇంతకంటే పొగడ్త అక్కర్లేదు.

కాంతి అలా వంగటాన్ని వక్రీభవనం అంటారు. గాలి కింద చిక్కగా, పైన పలచగా ఉండటం వల్ల, దూరం నుంచి వచ్చే కిరణం చిక్కని పొర వైపుకు, అంటే నేల వైపుకు, కొద్దికొద్దిగా వంగుతూ వస్తుంది. ఆ వంపు భూమి వంపు సాగే దిశలోనే ఉంటుంది కనుక చూపు భూమి గుండ్రతనాన్ని కొంత దూరం వెంబడించగలుగుతుంది. మామూలు పరిస్థితుల్లో ఈ వంపు భూమి వంపులో ఏడో వంతు ఉంటుందని లెక్క. గాలే లేకపోతే, మీటర్లలో ఎత్తు వర్గమూలాన్ని 3.57తో గుణించినంత దూరాన, కిలోమీటర్లలో, క్షితిజం ఉంటుంది. గాలి ఉండబట్టి ఆ గుణకం 3.86 దాకా పెరుగుతుంది. సందక్‌ఫూ ఎత్తుకు ఇది 233 కి.మీ. అవుతుంది. ఇంకో సంగతి, ఎత్తైన చోటి నుంచి చూస్తే క్షితిజం కంటి మట్టానికి సమంగా ఉండదు, కాస్త కిందికి దిగి ఉంటుంది. సందక్‌ఫూ నుంచి ఆ దిగుదల దాదాపు 1.8 డిగ్రీలు.

ఈ దిగుదలే భూమి పరిమాణాన్ని కొలిచే సాధనమని పదకొండో శతాబ్దపు ఆరంభంలో అల్‌బిరూనీ గ్రహించాడు. ఇప్పటి పాకిస్తాన్ పంజాబులోని నందనా కోట దగ్గర, ఎదురుగా చదునైన మైదానం పరుచుకున్న ఒక కొండ ఎత్తును ముందుగా కోణాల సాయంతో 652 మూరల పైచిలుకుగా తేల్చి, తరవాత దాని మీదికెక్కి, క్షితిజం 34 నిమిషాలు, అంటే అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ, దిగి ఉన్నట్లు కొలిచాడు. ఆ రెండు అంకెలతోనే భూమి వ్యాసార్ధాన్ని గణించాడు. ఎడారుల్లో మైళ్ల తరబడి తాళ్లతో కొలుచుకుంటూ నడిచే పాత పద్ధతికి బదులు ఒక్క కొండ ఎక్కితే చాలునన్న ఆ ఆలోచన గొప్పది. వక్రీభవనాన్ని లెక్కలోకి తీసుకోలేదు కనుక ఆయన ఫలితం ఎంత కచ్చితమైనదనే చర్చ నేటికీ ఉంది, ఆ చర్చ వల్ల పద్ధతి విలువ తగ్గదు.

జ్యామితి ఇచ్చే 233 కిలోమీటర్లు కాగితం మీది హక్కు మాత్రమే. సందక్‌ఫూ నుంచి దక్షిణంగా చూస్తే బెంగాల్ మైదానాలు ఆ హద్దులోపలే పరుచుకుని ఉన్నా, ఏడాదిలో ఎక్కువ రోజులు అటువైపు బూడిదరంగు పొర తప్ప ఏమీ తోచదు. ఉత్తరాన మాత్రం 144 కి.మీ. అవతలి మంచు స్పష్టంగా మెరుస్తుంటుంది. ఒకే కంటికి, ఒకే వేళలో రెండు వైపులా ఇంత తేడా రావటానికి కారణం చూపు సాగే గాలి వేరు కావటమే: ఉత్తరపు చూపు పలచని, శుభ్రమైన పైగాలిలో సాగుతుంది, దక్షిణపు చూపు కిందికి దిగి మైదానాల పొగలో, దుమ్ములో మునుగుతుంది.

శుభ్రమైన గాలి కూడా పూర్తిగా పారదర్శకం కాదు. కాంతి గాలిలోని అణువులకు తగిలి అన్ని దిక్కులకూ చెదరటాన్ని పరిక్షేపణం అంటారు. ఆకాశపు నీలానికి కారణం గాలిలో తేలే సూక్ష్మమైన ధూళికణాలో నీటికణాలో అయి ఉంటాయని పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్తలు చాలామంది భావించారు. ఆల్ప్స్‌లో వైస్‌హార్న్ శిఖరాన్ని 1861లో మొదటగా ఎక్కిన జాన్ టిండాల్, గాజు గొట్టంలో అతి సూక్ష్మ కణాలను పుట్టించి, వాటి మీద కాంతిని ప్రసరింపజేసి నీలిరంగును ప్రయోగశాలలోనే చూపించాడు. లార్డ్ రేలీ 1871లో, కాంతి తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నవైన కణాలు పొడుగు తరంగాల కంటే పొట్టి తరంగాలను ఎంతో ఎక్కువగా చెదరగొడతాయని, తరంగదైర్ఘ్యం సగమైతే చెదరటం పదహారు రెట్లవుతుందని నిరూపించాడు. అయినా ఆ కణాలేమిటన్నది తేలలేదు. గాలి అణువులే అందుకు చాలవా అని సూచిస్తూ జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1873లో ఆయనకు ఒక ఉత్తరం రాశాడు. దానికి సమాధానం రేలీ 1899 నాటి వ్యాసంలో దొరికింది, ఆ సమాధానంలో సాక్షిగా నిలిచింది ఎవరెస్టే.

రేలీ వాదం సూటిగా సాగుతుంది. డార్జిలింగ్ పరిసరాల నుంచి చూసేవారికి నూరు మైళ్ల దూరంలోని ఎవరెస్టు బాగానే ప్రకాశవంతంగా కనిపిస్తుంది కనుక, అంత దూరం ప్రయాణించినా కాంతిలో చెప్పుకోదగ్గ భాగం మిగులుతున్నదన్నమాట. గాలి అంతకు మించి కాంతిని చెదరగొట్టటం లేదు. ఇక గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు ఎన్ని అణువులున్నాయో అప్పటికే ఉన్న అంచనాను తీసుకుని, వాటి వల్ల మాత్రమే జరిగే చెదరుడును లెక్క కడితే, సముద్రమట్టపు గాలిలో కాంతి సుమారు ఎనభై కిలోమీటర్ల ప్రయాణంలో దాదాపు మూడో వంతుకు తగ్గుతుందని వచ్చింది. రెండు అంకెలూ ఒకే స్థాయివి. కాబట్టి ధూళి గాని, మరే పరాయి కణం గాని లేకపోయినా ఆకాశం నీలంగానే ఉంటుందని ఆయన తేల్చాడు. యాత్రికులకు ముచ్చట గొలిపే ఒక కొండ దృశ్యం అణువుల లెక్కకు ఆధారమైన సందర్భాలు విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఎక్కువ లేవు.

సందక్‌ఫూ మీద నిలిచినవారు ఈ వాదాన్ని కంటితో సరిచూసుకోవచ్చు. ఎవరెస్టు మంచు నుంచి బయలుదేరిన వెలుగు 144 కి.మీ. పలచని గాలిలో ప్రయాణించి వచ్చేసరికి, అణువుల పరిక్షేపణం ఒక్కదాన్నే లెక్కించినా, ఎరుపు రంగులో సుమారు 60 శాతం, ఆకుపచ్చలో 40 శాతం, నీలంలో ఎనిమిదో వంతు మాత్రమే మిగులుతుంది. అందువల్ల దూరపు మంచు దగ్గరి మంచంత తెల్లగా ఉండదు, కాస్త పసుపు తిరిగిన మీగడ రంగులో కనిపిస్తుంది. కాంచన్‌జంగా తెలుపు పక్కన మకాలూ, ఎవరెస్టుల తెలుపును పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అడవులూ రాళ్లూ నిండిన నడిమి వరసల విషయంలో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. వాటి నుంచి వచ్చే వెలుగే తక్కువ; నడుమనున్న గాలి పక్క నుంచి పడే సూర్యకాంతిలోని నీలాన్ని చెదరగొట్టి చూసేవారి కంట్లోకి పంపుతుంది కనుక, ఒక్కొక్క వరస వెనక్కి పోయినకొద్దీ మరింత నీలంగా, మరింత లేతగా మారుతుంది. ఈ వెలుగును వాయుకాంతి అనవచ్చు. దూరం చూపటానికి చిత్రకారులు వెనుక కొండలకు లేత నీలం పూయటం దీన్ని గమనించే. లియొనార్డో డావిన్సీ ఈ సంగతిని గురించి తన రాతల్లో వివరంగా చర్చించాడు.

పైకి పోయినకొద్దీ తల మీది ఆకాశం ముదురు రంగుకు తిరుగుతుందన్నది కూడా ఇందులోంచే వస్తుంది, తల పైన మిగిలిన గాలి తగ్గుతుంది కనుక. జెనీవాకు చెందిన ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ ఈ ముదురుతనాన్ని కొలవటానికి తెలుపు నుంచి నలుపు దాకా నీలపు ఛాయలు వరసగా అద్దిన కాగితపు ముక్కలతో ఒక సాధనం తయారుచేసుకుని, 1787లో మాఁ బ్లాఁ శిఖరం మీదికి మోసుకెళ్లాడు. అక్కడి ఆకాశం 39వ ఛాయకు సరిపోయింది.

అణువులు ఒక్కటే అడ్డమైతే సముద్రమట్టం దగ్గర కూడా 300 కి.మీ. దాకా చూడవచ్చు. అలా జరగకపోవటానికి కారణం గాలిలో తేలే సూక్ష్మకణాలు, శాస్త్రజ్ఞులు ఏరోసాల్స్ అని పిలిచేవి: పొగ, దుమ్ము, ఉప్పు, వాహనాల ఆవిరులూ విద్యుత్ కేంద్రాల వాయువులూ గాలిలో మారి పుట్టే సల్ఫేటు కణాలు. ఇవి అణువుల కంటే వేల రెట్లు పెద్దవి కావటంతో అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి, అందుకే మసక నీలంగా కాక తెల్లగా, బూడిదగా ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం దాటితే వీటిలో చాలా కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, మసక ఉన్నట్టుండి చిక్కబడుతుంది. ఒక వస్తువు కనిపించటమంటే దానికీ దాని వెనుక ఆకాశానికీ వెలుగులో తేడా కంటికి తెలియటమే. ఆ తేడా దాదాపు రెండు శాతానికి పడిపోయిన దూరాన్ని దృశ్యతా హద్దుగా తీసుకునే సూత్రాన్ని హెచ్. కోష్మీడర్ 1924లో ఇచ్చాడు. విమానాశ్రయాల వాతావరణ నివేదికల్లో కనిపించే విజిబిలిటీ అంకె వెనుక ఉన్నది ఇదే ఆలోచన.

కనుక శిఖరం మీద దృశ్యం ఎంతవరకన్నది ఆ వారం గాలిలో కణాలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. నైరుతి రుతుపవనాల వానలు గాలిని కడిగేశాక, అక్టోబరు, నవంబరుల్లో సందక్‌ఫూ నుంచి చూపు బాగా సాగుతుంది. మార్చి తరవాత రోడోడెండ్రాన్ పూలు విరగబూసే కాలంలో, మైదానాల దుమ్ము, అడవుల మంటల పొగ పైదాకా లేచి దూరపు వరసలను మింగేస్తాయి. పూలూ శిఖరాలూ రెండూ ఒకే ప్రయాణంలో కావాలనుకునేవారికి ప్రకృతి అంత ఉదారంగా ఏర్పాటు చేయలేదు. కణాల పాత్రకు అందరూ చూసిన నిరూపణ 2020 ఏప్రిల్‌లో దొరికింది. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండి కర్మాగారాలూ వాహనాలూ ఆగిపోయిన ఆ రోజుల్లో, పంజాబులోని జలంధర్ వాసులకు వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలోని ధౌళాధార్ మంచు కొండలు ఇళ్ల కప్పుల మీది నుంచి కనిపించాయి. కొండల ఎత్తూ ఊరి ఎత్తూ మారలేదు, గాలి ఒక్కటే మారింది.

కాలాన్ని బట్టే కాక వేళను బట్టి కూడా గాలి మారుతుంది, కొండ మీద తెల్లవారకముందే లేవమనటానికి కారణం అదే. రాత్రివేళ నేల తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి చల్లబడుతుంది, నేలను అంటిన గాలి కూడా చల్లబడి బరువెక్కి, వాలుల వెంట జారి లోయల్లో చేరుతుంది. మామూలుగా కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గవలసిన ఉష్ణోగ్రత అలాంటి రాత్రుల్లో కింద తక్కువగా, పైన ఎక్కువగా ఉంటుంది; దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. చల్లని గాలి తనంతట తాను పైకి లేవలేదు కనుక, కుండ మీద మూకుడు పెట్టినట్టు లోయలోని తేమా పొగా అక్కడే బందీ అవుతాయి, తేమ ఎక్కువైతే పొగమంచుగా మారి లోయంతా నిండుతుంది. పై నుంచి చూసేవారికి అది మేఘాల సముద్రం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు దగ్గరి వంజంగి కొండకు శీతాకాలపు తెల్లవారుజామున జనం బారులు తీరటం ఈ దృశ్యం కోసమే. ఆ మేఘాలు ఆకాశం నుంచి దిగివచ్చినవి కావు, చాలావరకు ఆ రాత్రి ఆ లోయలోనే పుట్టినవి. తూర్పు కనుమల్లో ఎత్తు తక్కువైనా, చుట్టూ గిన్నెల్లాంటి లోయలుండటం, శీతాకాలపు రాత్రులు నిర్మలంగా, గాలి కదలకుండా ఉండటం అక్కడ కలిసివచ్చిన సంగతులు.

అదే వేళ శిఖరాలకు ఇంకో లాభం ఉంది. క్షితిజం దిగి ఉంటుంది కనుక ఎత్తైన కొసలకు సూర్యుడు ముందుగా కనిపిస్తాడు: కాంచన్‌జంగా ఎత్తుకు ఆ దిగుదల దాదాపు మూడు డిగ్రీలు, ఆ అక్షాంశంలో అది సముద్రమట్టం కంటే పన్నెండు పదమూడు నిమిషాలు ముందు. ఆ తొలి కిరణాలు వాతావరణంలో అడ్డంగా వందల కిలోమీటర్లు ప్రయాణించి నీలాన్నంతా పోగొట్టుకుని వస్తాయి, అందుకే మంచు మొదట ఎర్రగా, తరవాత నారింజ రంగులో, ఆపైన బంగారు రంగులో వెలిగి, అరగంటలో తెల్లబడిపోతుంది.

పొద్దెక్కినకొద్దీ వాలులు వేడెక్కుతాయి, వాటిని అంటిన గాలి తేలికై లోయ నుంచి పైకి పాకుతుంది, రాత్రంతా కింద పోగైన తేమనూ పొగనూ వెంట తెస్తుంది. పైకి లేచే గాలి ప్రతి కిలోమీటరుకూ దాదాపు పది డిగ్రీలు చల్లబడుతుంది. అందులోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతను తుషారస్థానం అంటారు. గాలి ఉష్ణోగ్రతకూ తుషారస్థానానికీ మధ్య తేడా ఎన్ని డిగ్రీలుంటే, డిగ్రీకి 125 మీటర్ల చొప్పున అంత ఎత్తులో మేఘం అడుగు ఏర్పడుతుంది. లోయలో తేడా నాలుగు డిగ్రీలే ఉన్న తేమ రోజున, 500 మీటర్లు లేవగానే మేఘం పుడుతుంది. సందక్‌ఫూ దారిలో మధ్యాహ్నం నడిచేవారు తరచు మేఘంలో నడుస్తారు, వారికి పక్కనున్న చెట్టు తప్ప ఏమీ కనిపించదు.

ఆ మేఘం కూడా పూర్తిగా నష్టమేమీ కాదు. సూర్యుడు వీపు వైపు తక్కువ ఎత్తులో ఉండి, ఎదుట లోయలో పొగమంచు ఉన్నప్పుడు, చూసేవారి నీడ దాని మీద పడి, నీడ తల చుట్టూ రంగుల వలయాలు ఏర్పడతాయి. విమానం కిటికీలోంచి మేఘాల మీద విమానం నీడ చుట్టూ కనిపించే వలయాలు కూడా ఇవే. భూమి ఆకారాన్ని కొలవటానికి 1735లో బయలుదేరి దక్షిణ అమెరికాలోని ఆండీస్‌కు వెళ్లిన ఫ్రెంచి బృందంలోని పియేర్ బూగేర్, వారి వెంట ఉన్న స్పెయిన్ దేశీయుడు ఆంతోనియో ద ఉల్లోవా పంబమార్కా కొండ మీద దీన్ని చూసి వర్ణించారు. ప్రతివారికీ తన తల చుట్టూనే వలయం కనిపించింది, పక్కవాడి తల చుట్టూ కనిపించలేదు. నీటిబొట్లు తమ మీద పడిన కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపటం, ఆ వెనక్కి వచ్చిన తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని కోణాల్లో బలపడి కొన్నింటిలో చెరిగిపోవటం దీనికి మూలం. కాంతి మూలానికి సరిగ్గా ఎదురు బిందువు చూసేవారి సొంత తల నీడే కనుక వలయం ఎవరిది వారికే. స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ శిఖరం మీద ఉండిన వాతావరణ పరిశీలనాలయంలో 1894 సెప్టెంబరులో రెండు వారాలు పనిచేసిన సి. టి. ఆర్. విల్సన్ అనే యువకుడు ఈ వలయాలను చూసి, వాటిని ప్రయోగశాలలో కృత్రిమంగా సృష్టించాలని గాజుపాత్రలో మేఘాలు తయారుచేయటం మొదలుపెట్టాడు. ఆ పాత్రలో విద్యుదావేశమున్న కణాలు వెళ్లిన దారి వెంట నీటిబొట్లు పేరుకుంటాయని క్రమంగా తెలిసింది, అది మేఘమందిరమనే పరికరమైంది, అణువుల లోపలి కణాల జాడలను మనిషి కంటికి మొదటిసారి చూపింది. 1927లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది.

జ్యామితీ గాలీ కలిసి అనుమతించే గరిష్ఠ దూరం ఎంత ఉండవచ్చునన్న ప్రశ్నకు ఐరోపాలో ఒక చక్కని సమాధానం దొరికింది. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులోని పిరనీస్ పర్వతాల్లో సుమారు 2,800 మీటర్ల ఎత్తున్న పిక్ ద ఫినెస్ట్రెల్ శిఖరం నుంచి, 443 కి.మీ. అవతల ఫ్రెంచి ఆల్ప్స్‌లో ఉన్న, 3,900 మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తైన పిక్ గస్పార్‌ను 2016 జులైలో ఫోటో తీశారు. గిన్నిస్ సంస్థ దాన్ని రికార్డుగా గుర్తించింది. పట్టపగలు అంత దూరంలోని కొండను వాయుకాంతి పూర్తిగా కప్పేస్తుంది. సూర్యోదయానికి ముందు, వెలుతురు కొండల వెనుక నుంచి మాత్రమే వస్తున్నప్పుడు, నడుమనున్న గాలి మీద ఎండ ఇంకా పడదు కనుక వాయుకాంతి ఉండదు, కొండ అంచు నల్లని గీతగా నిలుస్తుంది. సూర్యుడు సరిగ్గా ఆ శిఖరాల వెనుక నుంచి లేచే కొద్ది రోజులను ముందుగా లెక్కవేసుకుని ఆ ఫోటో తీయవలసి వచ్చింది. ఆ రెండు ఎత్తులకూ గాలి లేని భూమి మీద వర్తించే సూత్రం ప్రకారం ఒక కొస నుంచి ఇంకో కొస కనిపించగల గరిష్ఠ దూరం 412 కి.మీ.; గాలిలో కాంతి వంపును కలిపితే 446 కి.మీ. గాలి లేని భూమి మీద ఆ ఫోటో సాధ్యమయ్యేది కాదు.